నాడీకణం: దాని నిర్మాణం, అందులో విద్యుత్ ప్రచోదనం నడిచే విధానం

తెలుగు వాడుకలో నరము అనే మాట మూడు వేర్వేరు వస్తువులకు చెల్లుతున్నది. ముంజేతి మీద నీలంగా తేలి కనిపించేదీ నరమే, మడమ వెనుక తాడులా బిగుసుకునేదీ నరమే, వేలికి తగిలిన వేడిని మెదడుకు చేర్చేదీ నరమే. శాస్త్ర పరిభాషలో మొదటిది సిర, రెండవది కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు, మూడవది మాత్రమే నాడి. ఇక్కడా ఒక చిక్కు ఉన్నది. వైద్యుడు మణికట్టు పట్టుకొని "నాడి చూచినప్పుడు" ఆయన వేళ్ల కింద కొట్టుకునేది నాడి కాదు, ధమని.

బోరిగుమ్మ, కోట్‌పాడ్, జయపురం ప్రాంతాలలో ఒడియా మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు ఈ చిక్కు రెట్టింపవుతుంది. బడిలోని ఒడియా పుస్తకంలో స్నాయు అంటే నాడి, కోష అంటే కణం. కనుక స్నాయుకోష అంటే నాడీకణం. అదే పిల్లవాడు వేసవి సెలవులలో పార్వతీపురంలోనో సాలూరులోనో బంధువుల పిల్లల తెలుగు పుస్తకం తెరిస్తే అక్కడ స్నాయువు మరొక వస్తువు. తప్పు పిల్లవానిది కాదు. రెండు భాషలూ సంస్కృతం నుండి ఒకే మాటను తెచ్చుకొని చెరొక పనికి పెట్టుకున్నవి.

మాటల తికమక పరీక్ష మార్కులతో పోయేదైతే ఇంత చెప్పనవసరం లేదు. పల్లెలలో "నరాలు చచ్చుబడ్డాయి" అనే ఒక్క మాట కింద పాముకాటు, పురుగుమందు విషం, కుష్టు మచ్చ, కాళ్లు బిగుసుకుపోవడం అన్నీ చేరిపోతున్నవి. వీటిలో ఒకటి గంటలలో ప్రాణం తీయగలదు, మరొకటి నెలల మందుతో నయమవుతుంది. ఏది ఎక్కడ దెబ్బ తీస్తున్నదో తెలియాలంటే ముందు నాడీకణం ఎలా కట్టబడినదో తెలియాలి.

కణం కట్టుబడి

నాడీకణంలో మూడు ముఖ్య భాగాలుంటవి. మధ్యనున్నది కణదేహం. కేంద్రకం, కణానికి కావలసిన ప్రోటీన్లు తయారయ్యే ఏర్పాట్లు ఇందులోనే ఉంటవి. కణదేహం నుండి చెట్టు కొమ్మల వలె చీలి వ్యాపించే పొట్టి పోగులు డెండ్రైట్లు. ఇతర కణాల నుండి వార్తను అందుకొనేవి ప్రధానంగా ఇవే. కణదేహం నుండి బయలుదేరి దూరం పోయే ఒకే ఒక పొడవైన తంతువు ఆక్సాన్. వార్తను మోసుకొని పోయేది అదే. దాని చివర మళ్లీ సన్నని కొసలుగా చీలి, ఒక్కొక్క కొస గుబ్బ కట్టి ఉంటుంది.

ఈ కణం కొలతలు వింతైనవి. కణదేహం సాధారణంగా మిల్లీమీటరులో నూరవ వంతు నుండి పదవ వంతు లోపల ఉంటుంది. కాని నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న ఒక కణదేహం తన ఆక్సాన్‌ను కాలి పాదం దాకా పంపుతుంది; పొడవైన మనిషిలో అది సుమారు ఒక మీటరు. ఆ కణదేహాన్ని పిల్లలు ఆడుకొనే గోలీ అంత చేసి చూపవలసి వస్తే, ఆక్సాన్ దారంలా దాదాపు 300 మీటర్లు సాగవలసి ఉంటుంది. గోలీ బడి గుమ్మంలో ఉంటే దారం కొస ఊరి చివర ఉంటుందన్న మాట. ఆ కొసకు కావలసిన సరుకంతా గోలీలో తయారై దారం వెంట నడిచి పోవలసిందే. అందుకే కొడవలి తెగి ముంజేతిలో నాడి తెగినప్పుడు తెగిన చోటికి ఆవలి భాగం కొద్ది రోజులలో క్షీణిస్తుంది. ఇవతలి మొదలు మాత్రం బ్రతికి ఉండి తిరిగి పెరగగలదు. ఆ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మోచేతి దగ్గర తెగిన నాడి వ్రేళ్ల దాకా పెరిగి రావడానికి ఒక సంవత్సరం పైనే పట్టవచ్చును. తెగిన కొసలను వైద్యుడు కుట్టి కలిపితేనే అది సరైన దారిన పెరిగే అవకాశం ఎక్కువ. "కుట్టు వేయించి నెలయింది, ఇంకా స్పర్శ రాలేదు" అని నిరాశ పడేవారు ఈ లెక్క గుర్తుంచుకోవలెను. మెదడులోను వెన్నుపాములోను తెగిన ఆక్సాన్లకు మాత్రం ఇలా పెరిగే శక్తి దాదాపు లేదు.

చాలా ఆక్సాన్ల చుట్టూ కొవ్వుతో కూడిన ఒక తొడుగు ఉంటుంది. దీనిని మయలిన్ తొడుగు అంటారు. శరీరపు అవయవాలలోని నాడులలో ష్వాన్ కణాలనే సహాయక కణాలు ఆక్సాన్ చుట్టూ తమను తాము పొరలు పొరలుగా చుట్టుకొని ఈ తొడుగును ఏర్పరుస్తవి. ఒక్కొక్క ష్వాన్ కణం తొడిగేది ఒక మిల్లీమీటరు లేదా అంతకన్న తక్కువ పొడవు మాత్రమే. రెండు తొడుగుల మధ్య మిగిలే చిన్న ఖాళీని రాన్వియర్ కణుపు అంటారు. వెదురు గడ కణుపులను తలచుకొంటే పేరు మరచిపోరు. ష్వాన్ కణాలను పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన కారణం వ్యాసం చివర వస్తుంది.

మనం కంటితో చూడగలిగే నాడి ఒక్క కణం కాదు. వేలాది ఆక్సాన్లు ఒక కట్టగా కూడినది. మెదడులో నాడీకణాల సంఖ్య సుమారు 8,600 కోట్లు.

ఇవన్నీ విడివిడి కణాలేనా, లేక ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన వలయా అన్న వివాదం పందొమ్మిదవ శతాబ్దం చివర గట్టిగా నడిచింది. ఇటలీ దేశస్థుడు గోల్జీ 1873లో వెండి లవణంతో నాడీకణాలకు రంగు పట్టించే పద్ధతి కనిపెట్టినాడు. స్పెయిన్ శాస్త్రవేత్త కజాల్ అదే పద్ధతితో చూచి, ఇవి విడి కణాలని నిర్ధారించినాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చినారు. గోల్జీ మాత్రం బహుమతి వేదిక మీద కూడా కజాల్ సిద్ధాంతాన్ని ఒప్పుకొనలేదు. కజాలే సరియని కాలం తేల్చింది.

తీగలోని కరెంటు వేరు, నాడిలోని కరెంటు వేరు

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుండి తీగల మీదుగా వచ్చే విద్యుత్తు లోహంలోని ఎలక్ట్రాన్ల ప్రవాహం. స్విచ్చి వేసిన మరుక్షణం దీపం వెలుగుతుంది. ఆ వార్త కాంతి వేగానికి దగ్గర వేగంతో పోతుంది. నాడిలో లోహం లేదు, ఉన్నది ఉప్పునీరు. ఉప్పు నీటిలో కరిగినప్పుడు సోడియం కణాలు ధనావేశంతో విడివడుతవి. ఇటువంటి ఆవేశిత కణాలనే అయాన్లు అంటారు. నాడీకణం వెలుపల సోడియం అయాన్లు మెండు, లోపల పొటాషియం అయాన్లు మెండు. ఈ తేడాను నిలబెట్టేది కణత్వచంలో పొదిగిన ఒక పంపు. అది రేయింబవళ్లు పని చేస్తూ మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఈ పంపును కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌకు 1997లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

పంపు నిలబెట్టిన ఈ తేడా వల్లను, పొటాషియం కొంత త్వచం గుండా బయటికి కారుతుండడం వల్లను కణం లోపలి వైపు వెలుపలి కన్న సుమారు 70 మిల్లీవోల్టులు ఋణావేశంగా ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. దానిలో ఇది ఇరవయ్యవ వంతు. చిన్నదే కదా అనిపిస్తుంది. కాని కణత్వచం మందం మిల్లీమీటరులో లక్షవ వంతుకు లోపే. అంత పలుచని పొర మీద ఆ వోల్టేజీ పడడమంటే మీటరుకు సుమారు కోటి వోల్టుల ఒత్తిడి. గాలిలో మెరుపు రవ్వ పుట్టడానికి మీటరుకు 30 లక్షల వోల్టులు చాలును.

ఇక ప్రచోదనం సంగతి. త్వచంలో సోడియానికి, పొటాషియానికి వేర్వేరు ద్వారాలున్నవి. విరామంలో సోడియం ద్వారాలు మూసి ఉంటవి. ఏదైనా ఉద్దీపన వల్ల లోపలి వోల్టేజీ మైనస్ 70 నుండి సుమారు మైనస్ 55 దాకా వస్తే ఆ చోటి సోడియం ద్వారాలు భళ్లున తెరుచుకొంటవి. సోడియం లోపలికి ఉరుకుతుంది. లోపలి వైపు ప్లస్ 30, 40 మిల్లీవోల్టుల దాకా పోతుంది. వెంటనే ఆ ద్వారాలు బిగుసుకొని, పొటాషియం ద్వారాలు తెరుచుకొని, పొటాషియం బయటికి పోయి, పూర్వ స్థితి వస్తుంది. ఇదంతా ఒక చోట ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఈలోగా ఇక్కడి మార్పు పక్కనున్న ద్వారాలను కదిలిస్తుంది, అవి తెరుచుకొంటవి, అవి తమ పక్కవానిని. సోడియం అయాన్లు వేలి నుండి మెదడు దాకా పరుగెత్తిపోవు; అవి త్వచం దాటి అడ్డంగా లోపలికి వస్తవి, అంతే. నిలువుగా ప్రయాణించేది మార్పు. బావి నుండి తొట్టి దాకా మనుషులు వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చేటప్పుడు ఎవరూ తమ చోటు వదలరు, బిందె మాత్రం తొట్టి చేరుతుంది. ఈ పోలికలో ఒక లోటు ఉన్నది: నాడిలో బిందె కూడా అదే కాదు, ప్రతి చోటా కొత్త బిందె. అందుకే ప్రచోదనం మీటరు దూరం పోయినా బలహీనపడదు.

ఒకసారి తెరుచుకొని బిగుసుకున్న ద్వారం కొద్ది మిల్లీసెకన్లు మళ్లీ తెరుచుకోదు. కనుక ప్రచోదనం వెనుకకు మరలదు. మరొక ముఖ్య నియమం: ప్రచోదనానికి చిన్నదీ పెద్దదీ లేదు. వస్తే పూర్తిగా వస్తుంది, లేకుంటే లేదు. గోరువెచ్చని నీటికి, మరిగే నీటికి మెదడు భేదం తెలుసుకొనేది ప్రచోదనం ఎత్తును బట్టి కాదు. సెకనుకు ఎన్ని వస్తున్నవి, ఎన్ని తంతువుల నుండి వస్తున్నవి అనే లెక్కను బట్టి.

పన్ను పీకే ముందు వైద్యుడు ఇచ్చే లిగ్నోకెయిన్ సూది చేసేది ఈ సోడియం ద్వారాలను మూసి ఉంచడమే. పన్ను బాధ అక్కడే పుడుతున్నా, దానికి దారి లేదు. అతిసారం తీవ్రమై శరీరంలో సోడియం బాగా పడిపోయిన వానికి మతి తప్పడం, ఫిట్స్ రావడం కూడా ఈ లెక్కలోనిదే. ఉప్పు, చక్కెర కలిపిన ద్రవం ఇవ్వమనడం కేవలం నీటి కోసం కాదు.

ఈ అయాన్ల లెక్కను తేల్చినవారు ఇంగ్లండుకు చెందిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ. సముద్రంలో దొరికే స్క్విడ్ అనే జీవిలో ఆక్సాన్ కంటికి కనిపించేంత లావుగా ఉంటుంది. దానిలోకి సన్నని తీగ దూర్చి వోల్టేజీ కొలిచి, 1952లో తమ సమీకరణాలను ప్రకటించినారు. 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. వారికి వంద సంవత్సరాల ముందే, 1850 ప్రాంతంలో, జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో వార్త వేగం సెకనుకు సుమారు 27 మీటర్లని కొలిచినాడు. అంతదాకా ఆ వేగం కొలవనలవి కానిదని పెద్ద పెద్దవారే నమ్మినారు.

మనిషిలో తొడుగు లేని సన్నని తంతువులలో వేగం సెకనుకు మీటరు, రెండు మీటర్లే. మయలిన్ తొడుగు ఉన్నవాటిలో ప్రచోదనం కణుపు నుండి కణుపుకు దుముకుతూ పోతుంది. లావైన తంతువులలో సెకనుకు 100 మీటర్లు దాటుతుంది. చీకటిలో కాలి బొటనవేలు రాయికి కొట్టుకున్నప్పుడు, తగిలిందన్న సంగతి ముందు తెలిసి, సలుపు ఒక క్షణం ఆగి రావడం అందరూ ఎరిగినదే. ముందు వచ్చింది తొడుగున్న తంతువు వార్త, తరువాత వచ్చింది తొడుగు లేనిది.

సంధి దగ్గర మందు, అక్కడే విషం

ఆక్సాన్ కొస పక్క కణాన్ని తాకదు. మధ్యలో మిల్లీమీటరులో పదివేల వంతుకు కూడా రాని సందు ఉంటుంది. దీనిని నాడీకణ సంధి, సైనాప్స్ అంటారు. చాలా సంధులలో విద్యుత్తు ఈ సందును దాటలేదు. కొసకు ప్రచోదనం చేరగానే కాల్షియం లోపలికి వచ్చి, అక్కడి సూక్ష్మ తిత్తులు పగిలి, ఒక రసాయనం సందులోకి వెలువడుతుంది. అది ఆవలి ఒడ్డున తనకు తగిన గ్రాహకాన్ని అంటుకొని కొత్త వార్త పుట్టిస్తుంది. 1921లో ఆస్ట్రియాలో లోవీ అనే ఆయన ఒక కప్ప గుండెను నాడి ద్వారా నెమ్మదింపజేసి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని మరొక గుండెకు పోస్తే అది కూడా నెమ్మదించింది. రసాయనం ఉన్నదని అలా ఋజువైనది.

కండరాన్ని కదిలించే సంధిలో ఈ రసాయనం పేరు ఎసిటైల్‌కోలిన్. పని కాగానే దానిని ఛేదించి శుభ్రం చేసే ఎంజైము ఒకటి అక్కడే కాచుకొని ఉంటుంది. ఊపిరి తీసే కండరాలు కూడా ఇదే పద్ధతిలో నడుస్తవి. కట్లపాము, పురుగుమందు రెండూ ఇక్కడే దెబ్బ తీస్తవి.

కట్లపామును ఒడియాలో చితి అంటారు. రాత్రివేళ ఇళ్లలోకి వచ్చి, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు నొప్పి తక్కువ, వాపు దాదాపు ఉండదు. చాలామంది నిద్ర లేవరు కూడా. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, ఆపైన కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపిస్తవి. దీని విషంలోని ఒక భాగం ఆక్సాన్ కొసలోని తిత్తులను ఖాళీ చేయించి కొసనే పాడు చేస్తుంది. మరొక భాగం ఆవలి ఒడ్డున గ్రాహకాలను మూసివేస్తుంది. మెదడు ఆజ్ఞ వస్తూనే ఉంటుంది, ఆక్సాన్ మోస్తూనే ఉంటుంది, కండరానికి మాత్రం అందదు. నాగుపాము విషం ప్రధానంగా గ్రాహకాల దగ్గర పని చేస్తుంది.

ఇందులో నుండి రెండు సంగతులు తేలుతవి. పాము విషానికి విరుగుడు సూది రక్తంలో తిరిగే విషాన్ని పట్టగలదు గాని, పాడైపోయిన కొసను బాగు చేయలేదు. కొసలు తిరిగి పెరగడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. అంతదాకా కృత్రిమ శ్వాస మీద ఉంచితే మనిషి బ్రతుకుతాడు. కనుక ప్రతి గంటకూ విలువ ఉన్నది. రెండవది, కనురెప్ప కూడా ఎత్తలేక పడి ఉన్న రోగికి తెలివి ఉండవచ్చును. కంటిపాప వెలుగుకు కదలదు, కాలు చేయి ఆడదు, కాని చుట్టూ ఉన్నవారి మాటలు వినబడుతుండవచ్చును. అటువంటివానిని చనిపోయినాడని ఇంటికి తీసుకొనిపోయే నిర్ణయం బంధువులు చేయరాదు. కాటు అనుమానమున్నా చాలు, కాలు చేయి కదలకుండా ఉంచి, కోయక, పీల్చక, గట్టిగా కట్టక, 108 బండిని పిలిచి ఆసుపత్రికి తరలించవలెను. మంత్రగాని దగ్గర గడిచే రెండు గంటలు ఆక్సాన్ కొసలు పాడయ్యే గంటలు. దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోవడం ఈ పామును అడ్డగించే చౌకైన ఉపాయం.

క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులది దీనికి తారుమారు పని. అవి ఎసిటైల్‌కోలిన్‌ను శుభ్రం చేసే ఎంజైమును కట్టివేస్తవి. వార్త అందుతుంది, కాని ఆగదు. నోటినుండి చొంగ, విపరీతమైన చెమట, కంటిపాపలు చుక్కలంతగా ముడుచుకోవడం, కండరాలు అదరడం, చివరకు అవే అలసి ఊపిరి నిలిచిపోవడం. ఒకదానిలో వార్త అందక, ఇంకొకదానిలో వార్త ఆగక. రెండింటిలోను ప్రాణాపాయం శ్వాస దగ్గరే. మందు చర్మం గుండా కూడా లోపలికి పోతుంది గనుక, పొలంలో తడిసిన బట్టలు తీసివేసి ఒంటిని సబ్బుతో కడిగి, డబ్బా చీటీతో సహా ఆసుపత్రికి పోవలెను. అట్రోపిన్ సూది ఇందుకు ముఖ్యమైన చికిత్స.

కేసరి పప్పు

బోరిగుమ్మ నుండి జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ పోయే దారి ఛత్తీస్‌గఢ్ మైదానాలకు చేరుతుంది. వరి కోసిన పొలాలలో కేసరి పప్పు పండించే ప్రాంతాలవి. కరవు కాలంలో మరే పంట లేక రెండు మూడు నెలలు ఈ పప్పే ముఖ్యాహారంగా తిన్నవారిలో కొందరికి కాళ్లు బిగుసుకుపోయి, మునివేళ్ల మీద కర్ర ఊతతో నడవవలసిన దుస్థితి వచ్చేది. మతి చెడదు, స్పర్శ పోదు. వచ్చిన లోపం తిరిగి పోదు కూడా. కారణమైన పదార్థాన్ని 1964లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ వేరు చేసి చూపినారు. రావు ఆ తరువాత హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధన కొనసాగించినారు. మెదడులో గ్లూటమేట్ అనే రసాయనం సంధుల వద్ద వార్తను అందిస్తుంది. కేసరి పప్పులోని విషం దాని పోలికతో గ్రాహకాలను మోసగించి, కదలికను నడిపే కణాలను అతిగా ఉద్రేకపరచి దెబ్బ తీస్తుంది. కందిపప్పులో దీని కల్తీ ఉన్నదేమో చూడాలంటే, గొడ్డలి ఆకారంలో మూలలు తేలిన గింజలను ఏరి చూడవచ్చును.

కుష్టు: ష్వాన్ కణంలో కాపురం

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్టు వ్యాధి సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అది చర్మంలోను, నాడుల చుట్టూ ఉన్న ష్వాన్ కణాలలోను కాపురం పెడుతుంది. చల్లగా ఉండే చోటు దానికి అనుకూలం; అందుచేత చర్మానికి దగ్గరగా నడిచే నాడులు, అంటే మోచేతి లోపలి ఎముక వెనుక ఉన్నది, మోకాలి వెలుపలి పక్కన ఉన్నది, మెడ పక్కన ఉన్నది, ముందు దెబ్బ తింటవి. అవి లావెక్కి తాడులా చేతికి తగులుతవి. చర్మం మీద పాలిపోయిన లేక ఎర్రని మచ్చ, అందులో స్పర్శ లేకపోవడం తొలి గుర్తు. దురద లేదు, నొప్పి లేదు; నొప్పి తెలిపే నాడి చెడిపోవడమే రోగం కదా, నొప్పి ఎక్కడి నుండి వస్తుంది? పల్లెలలో ఆలస్యానికి మూలం ఇదే. నొప్పి లేని మచ్చను ఎవరూ లెక్క చేయరు.

క్రిమి వ్రేళ్లను తినివేస్తుందన్నది అపోహ. స్పర్శ లేని చేయి పొయ్యి మీది గిన్నెను వట్టిదిగా పట్టుకొంటుంది, స్పర్శ లేని పాదం ముల్లు దిగినా నడుస్తూనే ఉంటుంది. కాలిన పుండు, కుళ్లిన గాయం కలిసి వ్రేళ్లను పొట్టి చేస్తవి. పూర్వజన్మ పాపమనేది ఇంకొక అపోహ; దాని వల్ల ఎన్ని కుటుంబాలు ఊరికి దూరమైనవో చెప్పనలవి కాదు.

రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అనే మందులను కలిపి ఇవ్వవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. మందు మొదలైన కొద్ది కాలానికే రోగి నుండి ఇతరులకు అంటడం నిలిచిపోతుంది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేలమందికి ఒక్క రోగి కన్న తక్కువకు సంఖ్య దిగినదని ప్రకటించినారు. అయితే ఒడిశాలోను ఛత్తీస్‌గఢ్‌లోను కొత్త కేసులు ఆ తరువాత కూడా నమోదవుతూనే వచ్చినవి. ఘాటు దిగిన తరువాత సాలూరులో ఉన్న ఫిలడెల్ఫియా లెప్రసీ ఆసుపత్రి ఈ వ్యాధి చికిత్సకు సరిహద్దు ప్రాంతంలో చిరకాలంగా పేరున్నది. కోరాపుట్‌లో 2017లో మొదలైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఇప్పుడు ఇంకా దగ్గర.

మందు క్రిమిని చంపుతుంది గాని పాడైన ఆక్సాన్‌ను తిరిగి మొలిపించదు. చికిత్స నడుస్తుండగా మోచేతి దగ్గర కొత్తగా నొప్పి, చిటికెనవేలు వంగిపోవడం, పాదం జారిపడడం, కన్ను పూర్తిగా మూయలేకపోవడం వంటివి వస్తే, ఆ నష్టం ఆరు నెలల లోపుదైతే స్టెరాయిడ్ మందులతో చాలవరకు తిరిగి రావచ్చును, ఆలస్యమైతే కష్టం. స్పర్శ పోయిన చేతులు కాళ్లు ఉన్నవారు గిన్నెను గుడ్డతో పట్టుకొని, మెత్తని అడుగున్న చెప్పులు తొడిగి, ప్రతి సాయంత్రం పాదాలు కడిగి కంటితో చూచుకోవలెను. తనకు చూపు ఆనకపోతే మనుమడో మనుమరాలో దీపం పట్టి చూడవచ్చును. ఇంట్లో ఎవరి వీపు మీదనైనా పాలిపోయిన మచ్చ కనిపిస్తే, వారిని కళ్లు మూసుకొమ్మని దూది పోగుతో తాకి, తగిలిన చోట వేలు పెట్టమనవలెను. మచ్చ పక్కన తాకినప్పుడు వేలు సరిగ్గా పెట్టి, మచ్చ మీద తాకినప్పుడు ఊరకుంటే, మరునాడే ఆశా కార్యకర్తకు చెప్పవలెను.